నిశ్శబ్దం ఏ భాషలో రాయాలి?

నలభై మంది మగవాళ్లు నాలుగు గంటలపాటు గొంతులు చించుకుని అరుచుకున్నారు. దేనికోసమో చెబితే మీరు నమ్మరు. 'నిశ్శబ్దం' అనే మాట ఏ భాషలో రాయాలి అని.

నేనక్కడే ఉన్నాను. ఆదివారం పొద్దున పిట్టల పందెం జరిగే మైదానంలో కంచె పక్కన నా రొట్టెల కొట్టు ఉంటుంది. ఆ రోజు ఒక్కడూ తినడానికి రాలేదు. కోడికూర అడుగంటింది, రొట్టెలు ఎండి అప్పడాల్లా అయ్యాయి. ఆ కోపం నాకింకా చల్లారలేదు. కాబట్టి ఈ కథలో మగవాళ్ల గురించి ఎక్కడైనా నోరు జారితే మీరే సర్దుకోవాలి.

మా కొమ్మెవైన్ జిల్లాలో మగవాడంటే చేతిలో పంజరం ఉండాల్సిందే. అందులో పికోలెట్ ఉంటుంది. గుప్పిట్లో పట్టేంత పిట్ట, నల్ల వీపు, ఇటుకరంగు పొట్ట. దాన్ని పనికి తీసుకెళతారు, బజారుకి తీసుకెళతారు, పడవెక్కించి నది దాటించి పారమారిబో పట్నం కూడా చూపిస్తారు. నలుగురిలో తిరిగితే భయం పోయి బాగా పాడుతుందట. ముప్పై ఏళ్ల కాపురంలో మా ఆయన నన్ను పట్నం తీసుకెళ్లింది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, పిట్టని తీసుకెళ్లింది లెక్కే లేదు.

పందెం పెద్ద కష్టమైనదేం కాదు. రెండు ఇనప ఊచలకి రెండు పంజరాలు ఎదురెదురుగా తగిలిస్తారు. పది నిమిషాలు టైము. పిట్ట ఒక పాట పూర్తి చేసినప్పుడల్లా నల్లబల్ల మీద ఒక సుద్దగీత. ఎక్కువ గీతలు ఎవరివైతే వాళ్ల పిట్ట గెలిచినట్టు. ఆ పది నిమిషాలూ ఎవరూ కిక్కురుమనకూడదు, దగ్గు వచ్చినా మింగాలి. అందుకే కంచెకి 'నిశ్శబ్దం' అని ఒక బోర్డు ఉండేది, డచ్చి భాషలో, దొరల కాలం నాటిది.

అంతకు ముందు నవంబరులో డచ్చి జెండా దించి మా జెండా ఎగరేశారు. అందరం ఏడ్చాం, కొందరం సంతోషంతో, కొందరం భయంతో. ఊళ్లో సగం ఇళ్లు తాళాలు పడ్డాయి, జనం విమానాలెక్కి హాలండు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం పిట్టలు పాడించుకుంటూ బతుకుతున్నాం. ఆగస్టు నెలలో ఒక ఆదివారం, జెండా మారిన తొమ్మిది నెలలకి, మంగలి లుద్వీన్‌కి ఆ బోర్డు కళ్లబడింది.

"దేశం మనదయ్యాక బోర్డు వాళ్లదేంటి? పీకేయండి. మన భాషలో రాసుకుందాం" అన్నాడు.

"మన భాషంటే ఏ భాష?" అన్నాడు మా ఆయన సుఖదేవ్.

అంతే. తొమ్మిదింటికి మొదలైన గొడవ ఒంటిగంట దాకా సాగింది.

లుద్వీన్ క్రియోల్. వాళ్ల తాత ముత్తాతలు బానిసలుగా చెరుకు నరికి, ఈ గడ్డ మీదే స్రనన్ అనే భాష పుట్టించుకున్నారు. సంతలో, పడవలో, పేకాటలో ఊరంతా మాట్లాడేది దాన్నే. అదే రాద్దామన్నాడు. మేము హిందుస్తానీలం, కూలీలుగా ఓడ దిగిన వాళ్ల సంతానం. ఇంట్లో హిందీ లాంటి సర్నామీ మాట్లాడతాం. మా ఆయన హిందీలోనే రాయాలన్నాడు. గీతలు గీసే పెద్దాయన వాగిమాన్‌ది జావా వంశం. ఆయన మామూలుగా నోరు విప్పడు. ఆ రోజు ఆయన కూడా లేచి, "మరి మేము?" అన్నాడు.

అంతవరకూ వాదనే. తర్వాత మా ఆయన ఒక మాటన్నాడు.

"స్రనన్ ఒక భాషా? దొరసాని వంటింట్లో కేకలేస్తే పుట్టిన మాటలు. వాటిని వంటింట్లోనే ఉంచుకోండి, బోర్డెక్కించకండి."

లుద్వీన్ మొహం మాడిపోయింది. అతనూ ఒక మాటన్నాడు.

"మేం ఈ నేలని మా రక్తంతో తడిపాక, మీరు మూట నెత్తినెట్టుకుని ఓడ దిగారు. నచ్చకపోతే మళ్లీ ఆ ఓడే ఎక్కండి."

మైదానం మొత్తం గప్‌చిప్ అయిపోయింది. నాలుగు గంటల్లో మొదటిసారి నిశ్శబ్దం వచ్చింది, అదీ అంత చేదుగా. వీళ్లిద్దరూ ముప్పై ఏళ్ల స్నేహితులు. ప్రతి శనివారం మా ఆయన గడ్డం గీసేది లుద్వీన్. ప్రతి ఆదివారం నా కొట్టులో మొదటి రొట్టె తినేది లుద్వీన్. నన్ను మా భాషలోనే 'భౌజీ' అని, వదిన అని పిలిచేవాడు. మా పెళ్లికి నా పుట్టింటివాళ్లు రాకపోతే నా వైపు పెద్దదిక్కుగా పీట మీద కూర్చుంది కూడా అతనే. ఆ రోజు ఇద్దరూ పంజరాలు పట్టుకుని చెరో దారిన పోయారు.

తర్వాతి ఆదివారానికి ఒక క్లబ్బు మూడు క్లబ్బులైంది.

మావాళ్లు బియ్యం మిల్లు వెనక చేరారు. మా ఆయన ఎర్రరంగుతో నాగరి అక్షరాల్లో ముచ్చటగా బోర్డు రాయించాడు. తీరా పెట్టాక చూస్తే చదవగలిగినవాడు పూజారి ఒక్కడే, ఆయనేమో పందేలకి రాడు. మేమంతా డచ్చి బళ్లో చదివినవాళ్లం. మూడోవారం ఎవరో వచ్చి, "బాబాయ్, ఇది ఏ దేవుడి పేరు?" అని అడిగితే, మా ఆయన ఎర్రబడిన మొహంతో వెళ్లి కింద చిన్న అక్షరాల్లో అర్థం రాయించాడు. డచ్చిలో.

జావా వాళ్లు కాలువ తూము దగ్గర చేరారు. వాళ్ల భాషలో చిన్నవాళ్లతో మాట్లాడే తీరు వేరు, పెద్దవాళ్లతో మాట్లాడే తీరు వేరు. మొదటి తీరులో రాస్తే ముసలివాళ్లకి కోపం వచ్చింది. రెండో తీరులో రాస్తే, తమరు దయచేసి మన్నించి అంటూ సాగి సాగి పలక చాలక రెండో పలక మేకులు కొట్టారు. అది చదవడం పూర్తయ్యేసరికి పందెం సగమయ్యేదట.

క్రియోల్ వాళ్లు ఫుట్‌బాల్ మైదానం దగ్గర చేరారు. వాళ్ల బోర్డు పొట్టిది, ఎవరికైనా అర్థమయ్యేది. కాని తమ మాట ఒక బోర్డు మీద కనిపించడం వాళ్ల బతుకులో అదే మొదలు. వచ్చినవాడల్లా దాన్ని బిగ్గరగా చదివి మురిసిపోవడంతో అక్కడ నిశ్శబ్దమన్నదే లేదు. దీనికి మాత్రం నేను నవ్వలేను. నాకది ముచ్చటగానే అనిపించింది.

ఇలా బోర్డులు బాగానే తయారయ్యాయి. పిట్టలే పాడడం మానేశాయి.

మా పిట్ట పేరు పండిత్. జిల్లాలో పేరున్న గొంతు. మిల్లు వెనక మొదటి ఆదివారం నలభై గీతలు పాడాడు. రెండోవారం పందొమ్మిది. నాలుగోవారం ఊచ మీద కూర్చుని రెక్కలు సవరించుకుని, ఎదుటి పిట్టని మా పెద్దమ్మ పేరంటంలో పక్కింటావిడని చూసినట్టు చూసి ఊరుకున్నాడు. సెప్టెంబరు దాటేసరికి ఇంట్లో కూడా నోరు విప్పడం లేదు.

మా ఆయన చేయని ప్రయత్నం లేదు. పచ్చి గడ్డిగింజలు ఏరుకొచ్చాడు. దోసకాయ ముక్కలు పెట్టాడు. పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డుకి రోజూ తీసుకెళ్లి మోతలో కూర్చోబెట్టాడు. చివరికి నా మీద పడ్డాడు.

"నీ పోపుల ఘాటుకే వాడి గొంతు పోయింది."

"ముప్పై ఏళ్లుగా నీ గొంతు పోలేదు కదా? అయినా ఆ గొంతు పోయుంటే ఈ గొడవే ఉండేది కాదు" అన్నాను.

మామూలుగా ఆ మాటకి ఒంటికాలి మీద లేచేవాడు. ఈసారి లేవలేదు. అప్పుడు భయమేసింది నాకు. పిట్టతోపాటు మనిషి కూడా మూగబోతున్నాడు. గడ్డం తనే గీసుకోవడం మొదలుపెట్టాడు, బుగ్గల నిండా గాట్లు. ఆదివారాలు మిల్లు వెనకకి వెళ్లడం, ఉసూరుమంటూ తిరిగి రావడం.

అక్టోబరులో రాటర్‌డామ్ నుంచి మా మరిది హరినందన్ ఉత్తరం వచ్చింది. దాంతోపాటు ఒక దరఖాస్తు కాగితం, పైన ముద్ర, కింద సంతకాల చోట హరినందన్ పెన్సిలుతో వేసిన రెండు గుర్తులు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ సంతకాలు పెట్టి నవంబరు ఆఖరులోగా పంపితే, మమ్మల్నీ అక్కడికి రప్పిస్తాడట. మా ఆయన ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి బిస్కెట్ల డబ్బాలో దాచాడు.

"ఏంటి, దాస్తున్నావు?"

"ఓడెక్కమన్నారు కదా. విమానమెక్కుదాం" అన్నాడు.

"అన్నది ఒక్కడు. నాకు ఇల్లు ఈ ఊరంతా."

"పిట్ట కూడా పాడని ఊళ్లో ఏం చూసుకుని ఉండమంటావు జన్వతీ?" అని, మళ్లీ తనే, "సరే, జెండా పండుగ దాకా చూద్దాం. నవంబరు ఇరవై అయిదులోపు వాడు పాడాడా, ఉందాం. పాడలేదా, సంతకం పెడదాం" అన్నాడు.

ముప్పై ఏళ్ల కాపురాన్ని తీసుకెళ్లి ఒక పిట్ట గొంతులో పెట్టాడు మా ఆయన. నాకు హాలండు వద్దు. అక్కడ చలికి పొద్దున్నే నోట్లోంచి పొగ వస్తుందట, ఇంటి ముందు వాకిలి ఉండదట, బొబ్బర్ల పాదు పెట్టుకోవడానికి చారెడు మట్టి ఉండదట. నేను వంటింటి కిటికీలోంచి నా పాదుల్ని చూసుకుని ఏడ్చాను. తర్వాత కళ్లు తుడుచుకుని పిట్ట మీద కన్నేశాను.

ఇంకో ముడి కూడా పడింది. జెండా ఎగరేసి ఏడాదవుతుందని పట్నంలో పెద్ద మైదానంలో పిట్టల పోటీ పెట్టారు. ఊరికి ఒక క్లబ్బు, క్లబ్బుకి ఒక పిట్ట, సభ్యులందరి సంతకాలతో కాగితం రావాలి. ఆ ఉత్తరం పాత క్లబ్బు పేరుతో వాగిమాన్ చేతికొచ్చింది. ఎవరికివ్వాలో తెలియక ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని మూడువారాలు తిరిగాడు.

నవంబరు పదహారు, మంగళవారం. మా ఆయన షెడ్డులో ఇంజన్ విప్పి ఉందని పంజరం ఇంట్లోనే వదిలి వెళ్లాడు. నేను వాకిట్లో బట్టలారేస్తున్నాను. కాలువ అవతలి గట్టు మీద లుద్వీన్ సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు. మా ఇంటి వైపు చూడకుండా ఉండటానికి మెడ అంతా అటు తిప్పేసుకున్నాడు. హ్యాండిలుకి పంజరం. అందులో అతని పిట్ట, పేరు మినిస్టర్. చక్రం గుంటలో పడి పంజరం ఊగింది, మినిస్టర్ ఒక్క కూత కూశాడు. ఒక్కటే.

నా వెనక ఏదో పగిలినట్టయింది. పండిత్! ఛాతీ విరుచుకుని, ఊచ మీద అటూ ఇటూ గెంతుతూ, ఊపిరి తీసుకోకుండా పదకొండు పాటలు పాడాడు. నేను లెక్కపెట్టాను. సైకిలు మలుపు తిరిగాక కూడా ఇంకో రెండు పాడి, మెడ చాచి జవాబు కోసం విన్నాడు. జవాబు రాకపోయేసరికి గింజల గిన్నె తన్నేశాడు.

నేను తడిబట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంత చిన్న సంగతి నలభై మంది మగవాళ్లకి తట్టలేదు! పాడాలంటే వీడికి ఎదురు నిలిచేవాడు కావాలి. మిల్లు వెనక ఎవరున్నారు? అందరూ మనవాళ్లే. మనవాళ్ల ముందు ఏం పాడతాడు, ఎందుకు పాడతాడు?

చీర చెంగు బిగించి, పంజరం తీసుకుని, తిన్నగా మంగలిషాపుకి నడిచాను.

మా ఊళ్లో ఆడది మంగలిషాపు గడప తొక్కడం అదే మొదలు. లోపల కుర్చీలో వాగిమాన్ ఉన్నాడు, ఒక బుగ్గ గీసి, ఒక బుగ్గకి నురగ. లుద్వీన్ కత్తి పట్టుకుని నోరు తెరిచాడు.

"ఏం భౌజీ, నువ్వు కూడా గీయించుకుంటావా?"

"నీ నాలుక గీయడానికొచ్చాను. నీ మినిస్టర్ ఎలా ఉన్నాడు?"

అతని మొహంలో నవ్వు పోయింది. "ఎలా ఉంటాడు? రెండు నెలల నుంచి మౌనవ్రతం. ఫుట్‌బాల్ మైదానంలో అందరి పిట్టలూ అంతే. వైద్యుడికి కూడా చూపించా."

"ఏమన్నాడు?"

"ఆయన మనుషుల వైద్యుడు. నన్నే పడుకోబెట్టి చూశాడు."

"మీ తూము దగ్గర సంగతేంటి వాగిమాన్ గారూ?"

"మా పిట్టలా?" అన్నాడు పెద్దాయన నురగ చెదరకుండా. "బోర్డు చదివినట్టున్నాయమ్మా. ఎంత మర్యాదగా చెప్పామో, అంత మర్యాదగా నోరు మూసుకున్నాయి."

నేను పండిత్ పంజరాన్ని అద్దం పక్కన మేకుకి తగిలించాను. లుద్వీన్ కంగారుపడ్డాడు.

"వద్దు భౌజీ. ముందు సుఖదేవ్ రావాలి. నా భాషని అంత మాటన్నాడు. వచ్చి తప్పయిందనాలి, అప్పుడు చూద్దాం."

"ఆయనేమో నువ్వు రావాలంటాడు. మీ ఇద్దరూ ఒకళ్లకోసం ఒకళ్లు చూస్తూ ఉంటే నేను హాలండు పోవాలి లుద్వీన్. డబ్బాలో కాగితం ఉంది. ఇరవై అయిదులోపు వీడు పాడకపోతే మేం వెళ్లిపోతున్నాం. నిజంగానే విమానమెక్కుతున్నాం. నువ్వన్న మాటే నిజమవుతోంది, సంతోషమేనా?"

లుద్వీన్ కత్తి కింద పెట్టాడు. తర్వాత కిటికీ దగ్గరున్న మినిస్టర్‌ని తెచ్చి పండిత్‌కి ఎదురుగా రెండో మేకుకి తగిలించాడు.

రెండు పిట్టలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఇక మొదలైంది!

అబ్బ, ఏం పాడాయని! రెండు నెలలుగా కడుపులో దాచుకున్నదంతా కక్కేశాయి. ఇది ఆపితే అది, అది ఆపకముందే ఇది. వాగిమాన్ కుర్చీలోంచి దిగ్గున లేచాడు. ముప్పై ఏళ్ల అలవాటు కదా, చెవి వెనక సుద్దముక్క కోసం తడుముకున్నాడు. దొరకలేదు. సబ్బు బ్రష్షు లాక్కుని అద్దం మీద గీతలు మొదలుపెట్టాడు, పండిత్‌కి ఎడమవైపు, మినిస్టర్‌కి కుడివైపు. గోడ గడియారం తొమ్మిదీ ఇరవై.

మూడు నిమిషాలు కాకముందే బయట మోపెడ్ ఆగిన చప్పుడు. మా ఆయన షెడ్డులోంచి తన పిట్ట గొంతు గుర్తుపట్టాడు. నా గొంతు పక్కగదిలోంచి పిలిస్తే వినబడదు, పిట్ట గొంతు అర మైలు నుంచి వినబడింది. ఎవరో ఎత్తుకుపోయారనుకుని చేతిలో స్పానరుతో, ఒళ్లంతా గ్రీజుతో గడపలోకి దూకాడు. నన్ను చూశాడు. లుద్వీన్‌ని చూశాడు. అరవడానికి ఛాతీ నిండా గాలి పీల్చాడు.

వాగిమాన్ వెనక్కి తిరగకుండానే ఒక వేలెత్తాడు.

మా ఆయన నోరు మూసుకున్నాడు. పందెం నడుస్తోంది మరి! పందెం నడిచేటప్పుడు ఎవడు నోరు విప్పుతాడు? పీల్చిన గాలి ఎక్కడ వదలాలో తెలియక ముక్కులోంచి కొంచెం కొంచెంగా వదిలాడు. లుద్వీన్ కూడా ఏదో అనబోయి పెదవి కొరుక్కున్నాడు. కిటికీ బయట జనం పోగయ్యారు. మిల్లువాళ్లు, తూమువాళ్లు, మైదానంవాళ్లు. ఒక్కళ్లూ నోరెత్తలేదు. ఎక్కడా బోర్డు లేదు.

ఏడు నిమిషాలు వాళ్లిద్దరూ ఒకరికొకరు బారెడు దూరంలో నిలబడ్డారు. మొదట్లో కళ్లతో కాల్చేసుకున్నారు. తర్వాత పండిత్ ఒక పొడుగు పాట తిప్పితే లుద్వీన్ తల దానంతటదే ఊగింది. మినిస్టర్ జవాబిస్తే మా ఆయన తల ఊగింది. అలా ఊగినందుకు ఇద్దరికీ సిగ్గేసింది. లుద్వీన్ మా ఆయన బుగ్గల మీద గాట్లు చూసి మొహం తిప్పుకున్నాడు. నాకు కన్నీళ్లు ఆగలేదు. ముక్కు చీదితే చప్పుడవుతుందని చెంగు అడ్డం పెట్టుకున్నాను.

"అయింది" అన్నాడు వాగిమాన్. బ్రష్షుతో గీతలు లెక్కపెట్టాడు. "పండిత్ యాభై ఎనిమిది. మినిస్టర్ అరవై."

అందరూ మా ఆయన వైపు చూశారు. గాట్ల మొహంతో అద్దం దగ్గరికెళ్లి, కుడివైపు ఆఖరి గీత మీద వేలు పెట్టాడు.

"ఇది చెల్లదు. సగం పాటకే గీశారు."

"సగమా! నీ చెవుల్లో గ్రీజు పోసుకున్నావా?" అని లేచాడు లుద్వీన్.

ఇక చూడాలి ఆ రచ్చ! కిటికీలోంచి తలలు దూర్చి తలో మాట. అప్పుడు గమనించాను నేను. మా ఆయన కోపం పట్టలేక లుద్వీన్‌ని కడిగేస్తున్నది స్రనన్‌లో, తను వంటింటి మాటలన్న ఆ భాషలోనే. లుద్వీన్ తిరిగి తిడుతున్నది మా సర్నామీలో. ఆ తిట్లు మా ఆయన దగ్గర నేర్చినవే, ఒక్కటి కూడా పొల్లుపోలేదు. ఇద్దరికీ మధ్య నిలబడి వాగిమాన్ తన తీర్పు డచ్చిలో మళ్లీ మళ్లీ చెబుతున్నాడు, చదువుకున్నవాడిలా ఉంటుందని. ఒక్కడికీ అనువాదం అవసరం రాలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు నెలల తర్వాత మా ఆయన మళ్లీ అరుస్తున్నాడు.

అలసిపోయి ఆగారు. ముందు మా ఆయనే మాట్లాడాడు.

"ఆ వంటింటి మాట నేననకుండా ఉండాల్సింది. మా వంటింట్లో కూడా నేనూ జన్వతీ పోట్లాడుకునేది ఆ భాషలోనే."

"ఓడ మాట నాది" అన్నాడు లుద్వీన్. "మా తాతలనీ ఓడలోనే తెచ్చారు, గొలుసులేసి. ఆ మాట నా నోట్లోంచి వచ్చినప్పటినుంచీ నాకు నిద్ర సరిగ్గా లేదురా."

వాగిమాన్ గొంతు సవరించుకున్నాడు. "మా నాన్న కూడా ఓడలోనే వచ్చాడు. మూడు నెలల నుంచీ చూస్తున్నా, నన్ను కూడా ఎవరైనా తిట్టకపోతారా అని. ఒక్కడూ పట్టించుకోలేదు. నాకెంత అవమానం!"

షాపంతా పగలబడి నవ్వింది. లుద్వీన్ మా ఆయన భుజం పట్టుకుని కుర్చీలోకి తోశాడు.

"కూర్చో ముందు. ఆ మొహం చూడలేకపోతున్నా."

"నా రెండో బుగ్గో?" అన్నాడు వాగిమాన్.

"మీ నురగంతా అద్దానికి పూశారు కదా, ఆగండి."

వాగిమాన్ జేబులోంచి పట్నం ఉత్తరం తీశాడు. మంగలిషాపులోనే అందరూ సంతకాలు పెట్టారు. మినిస్టర్ వెళ్లాలని తేలింది. కాని పండిత్ తోడు లేకుండా మినిస్టర్ గొంతు లేవదు కాబట్టి ఇద్దరూ వెళ్లాలని కూడా తేలింది. బోర్డు సంగతి మాత్రం తేలలేదు. ఆ వారం ఆదివారం మూడు బోర్డులూ పాత కంచె దగ్గరికి తెచ్చి, పందెం అయ్యాక మళ్లీ గంటసేపు వాదించుకున్నారు. ఈసారి నా రొట్టెలు తింటూ వాదించుకున్నారు, కాబట్టి నాకు అభ్యంతరం లేదు. కంచె మీద ఇప్పటికీ ఏ బోర్డూ లేదు.

ఆ రోజు నుంచి బిస్కెట్ల డబ్బా మాట మా ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పాడితే ఉందామన్నాడు, పండిత్ పాడాడు. అయినా మగవాళ్ల మాట కదా, కాగితం డబ్బాలో ఉన్నంతకాలం నా గుండె కుదుటపడలేదు. మూత తెరిచి చూడటానికి ధైర్యం చాలలేదు.

ఇరవై అయిదు పొద్దున ఎండ బాగా ఎక్కాక పట్నం పడవెక్కాం. పడవ నిండా పంజరాలు, పిల్లల చేతుల్లో జెండాలు. లుద్వీన్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మా ఆయన బుగ్గలు నున్నగా మెరుస్తున్నాయి. నది మధ్యకొచ్చాక పండిత్ పంజరం అడుగు పలక శుభ్రం చేద్దామని లాగాను. రోజూ అందులో పాత పేపరు పరుస్తాం. ఆ రోజు పేపరు లేదు. దళసరి తెల్లకాగితం, పైన ముద్ర, కింద హరినందన్ పెన్సిలు గుర్తులు.

"ఏమయ్యా, ఇదేంటి?"

మా ఆయన నది వైపే చూస్తూ, "తొందరలో పేపరు దొరకలేదు" అన్నాడు.

నేను కాగితం వైపు మళ్లీ చూశాను. సరిగ్గా మొగుడి సంతకం చోట ఒక రెట్ట, పెళ్లాం సంతకం చోట ఒకటి, ఇంకా తడిగా ఉన్నాయి. నవ్వు ఆపుకోలేక పలక కింద పడేశాను.

"ఏంటి భౌజీ, అంత నవ్వొచ్చింది?" అన్నాడు లుద్వీన్.

"హాలండు కాగితం మీద మా ఇద్దరి సంతకాలూ పండిత్ పెట్టేశాడు" అన్నాను.